గోల్డ్ మెడలు, గుమ్మపాలు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. పశువుల గురించి పుస్తకంలో లేనిదేదీ పశువుల్లో కూడా ఉండదని ఒకటి, ఆ పుస్తకంలో ఉన్నదంతా నా బుర్రలో ఉందని రెండోది. (ఇప్పుడు రెండూ పోయాయి. బుర్ర మాత్రం హాయిగా ఉంది.) పశువైద్యం డిగ్రీ చేతికొచ్చి ఏడాది తిరగలేదు, గోల్డ్ మెడల్ పెట్టిచ్చిన డబ్బాకు కొత్త వాసన ఇంకా పోలేదు, అంతలోనే దుమ్ముగూడెం దాటాక గోదావరిని వదిలి అడవిలోకి మళ్ళే దారిలో ఒక చిన్న పశువుల దవాఖానాకు నన్ను డాక్టరుగా వేశారు. మాది తిరుమలాయపాలెం దగ్గర ఒక పల్లె. అమ్మ రెండు బర్రెల్ని సాకి, ఆ పాలతోనే నన్ను చదివించింది. తెల్లారగట్ల నేను పుస్తకం పట్టుకుంటే ఆమె చెంబు పట్టుకుని కొట్టంలోకి నడిచేది. ఎప్పుడైనా సాయం చేద్దామని వెనకాల వెళితే, "నీ చేతులు కలం పట్టేటియి బిడ్డా, చదువుకో పో" అని తరిమేసేది. ఆ చేతులు చివరికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేడలోనే ఉండే ఉద్యోగం తెచ్చుకున్నాయని తెలిసినప్పుడు కాసేపు దిగులుపడి, సర్కారు నౌకరే కదా అని సరిపెట్టుకుంది.

దవాఖానా అంటే రెండు గదులు, ఒక వరండా, వాకిట్లో పశువును కదలకుండా నిలబెట్టడానికి ఇనుప గొట్టాలతో చేసిన చట్రం. టీకాల కోసం ఒక ఫ్రిజ్ ఉండేది. అందులో అటెండరు మామ మజ్జిగ సీసా దాచుకుంటాడని మొదటి వారంలోనే పట్టుకుని గట్టిగా మందలించాను. రెండో వారం నుంచి నా సీసా కూడా అందులోనే పెట్టుకున్నాను. మామూలు రోజుల్లో మేకలకు కడుపులో నట్టలు పోయే మందు, ఎడ్ల మెడ మీద కాడి రాసిన పుండ్లు, అడవిపంది చీల్చిన కుక్కలకు కుట్లు, ఇవీ నా పనులు. సంత రోజున మాత్రం వరండా నిండిపోయేది. సంతకొచ్చిన వాళ్ళు పనిలో పనిగా చంకలోని కోడిని కూడా చూపించుకుని పోయేవాళ్ళు. పొద్దున నేను చూసిన కోడినే మధ్యాహ్నం సంతలో పెట్టి, ఇది డాక్టరమ్మ చెయ్యి పడ్డ కోడి అని బిగించి బేరం చెప్పేవాళ్ళూ ఉండేవారు. అది విని నేను లోలోపల తెగ మురిసిపోయేదాన్ని.

అటెండరు మామది దమ్మపేట వైపు. ముప్పై ఏళ్ళుగా ఆ అడవి దారుల్లోనే పని చేస్తూ గూడేల భాష కూడా బాగా నేర్చుకున్నాడు. మాట మాత్రం బహు పొదుపు. ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ పొట్టిగా వస్తే సరే అని, కాస్త సాగితే ఆలోచిస్తానని, బాగా సాగితే "నీకు తెలీదమ్మా" అని అర్థం. (ఈ తేడా నాకు తెలియడానికి ఏడాది పట్టింది. నాతో మాట్లాడేటప్పుడు వచ్చినవన్నీ దాదాపు సాగినవే.) ఊళ్ళో అందరూ ఊఁ మామ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ముక్కు మీద కోపం ఉన్న కొత్త డాక్టరుకు అంతకంటే ఓపికైన మనిషి దొరకడు. ఈ మాట ఇప్పుడంటున్నాను, అప్పుడైతే ఈయనకు చురుకుదనం తక్కువని అమ్మకు ఫోన్లో చాడీలు చెప్పేదాన్ని.

చేరిన రెండో నెలలో పశువుల వివరాలు రాసుకురమ్మని పై ఆఫీసు నుంచి ఒక రిజిస్టరు వచ్చింది. ఎన్ని ఆవులు, ఎన్ని ఎడ్లు, వయసెంత, టీకాలు వేశారా, చివరి గడిలో రోజుకు ఎన్ని లీటర్ల పాలు. నేనూ ఊఁ మామా వాగు దాటి అవతలి గూడేనికి వెళ్ళాం. మొదటి ఇల్లే పెద్దవ్వది. సన్నగా, పొట్టిగా, చేతికి వెండి కడియాలతో ఉండే ఆ ముసలమ్మ మాట ఆ గూడెంలో అందరికీ మాటే. ఆమె వాకిట్లో ఒక పొట్టి ఎర్రావు, దాని పక్కన నిగనిగలాడే ఏడాది దూడ ఉన్నాయి. నేను పెన్ను తీసి, ఈ ఆవు రోజుకెన్ని పాలిస్తదని అడిగాను. పెద్దవ్వ ఆవును చూసింది, నన్ను చూసింది, గడ్డం ఎత్తి దూడను చూపించింది.

"నాకేం ఎర్క? దూడనడుగు."

నాకు ఒళ్ళు మండింది. ఇంత చదువు చదువుకుని వస్తే వెటకారమా అనుకున్నాను. పక్కింట్లోనూ అదే జవాబు, ఆ పై ఇంట్లోనూ అదే. పాలు ఎక్కువ చెబితే సర్కారు ఏదో పథకం ఆపేస్తుందని భయపడి ఊరంతా కలిసి దాస్తున్నారని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆ కోపంలోనే అందర్నీ ఒక చోట కూర్చోబెట్టి పాల దిగుబడి మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. పచ్చిగడ్డి, దాణా, మేలు జాతి, పొదుగు శుభ్రత, ఏదీ వదల్లేదు. పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పి, మామా వీళ్ళ భాషలో చెప్పు అన్నాను. ఊఁ మామ గొంతు సవరించుకుని ఒకే ఒక్క వాక్యం చెప్పాడు. అందరూ నా వైపు ఎంతో ఆప్యాయంగా చూసి తలలూపారు. నా మాటల్లోని సారాన్ని ఒక్క ముక్కలో పట్టేశాడని నేను మామను మెచ్చుకున్నాను కూడా. తర్వాత పెద్దవ్వ ఎర్రటి టీ తెచ్చిచ్చింది, పాలు లేకుండా. అమ్ముకోవడానికి పాలు దాచుకుని డికాషన్ తాగుతున్నారనుకుని, ఈ పొదుపు మాత్రం మంచి అలవాటని అందరి ముందూ పొగిడి వచ్చాను.

వారం తిరక్కుండానే పై ఆఫీసు సారు ఫోన్ చేశారు. "ఏందమ్మా, నీ దిక్కు ఆవులన్నీ ఎడ్లేనా? పాల గడి మొత్తం ఖాళీ పెట్టినవ్" అన్నారు. వాళ్ళు నిజం చెప్పడం లేదు సార్ అని నసిగాను. ఫోన్ పెట్టేశాక ఆ కచ్చంతా మామ మీద చూపిస్తే, ఆయన ఒక సాగిన ఊఁ తర్వాత, ఆళ్ళు దాయట్లేదమ్మా, అసలు పాలు పిండరు అన్నాడు. నేనది బద్ధకం అనుకున్నాను. అయితే మనమే వెళ్ళి నేర్పిద్దాం మామా అన్నాను ఉత్సాహంగా. ఆయన నన్ను కాసేపు చూసి, "మీకొచ్చామ్మా?" అని అడిగాడు. నాకు గోల్డ్ మెడల్ వచ్చింది మామా అన్నాను. అది ఆయన అడిగినదానికి జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అసలు సంగతి ఇక్కడ చెప్పాలి. మా కాలేజీలో పాలు పిండే ప్రాక్టికల్ ఒకటి ఉండేది. ఇరవై మందికి ఒక ఆవు. పేర్ల వరసలో నాది చివరిది కావడంతో నా వంతు వచ్చేసరికి ఆ ఆవు పొదుగు ఖాళీ సంచిలా వేలాడేది. నేను పద్ధతి ప్రకారం కూర్చుని, పద్ధతి ప్రకారం చన్ను పట్టుకుని లాగితే, ఒక్క చుక్క కూడా పడేది కాదు. చుక్క రాకపోవడం ఆవు తప్పే గాని నా తప్పు కాదని మాస్టారు కూడా ఒప్పుకుని, కూర్చున్న తీరు బాగుందని మార్కులు వేశారు. అలా పాలు ఊరే తీరు, పొదుగు నరాలు, వాపు రకాలు, వాటి మందులు అన్నీ నోటికొచ్చిన నేను, బర్రెలు సాకిన తల్లి కడుపున పుట్టి కూడా, నిండు పొదుగును ఒక్కసారైనా చేత్తో తాకకుండానే డాక్టర్నయ్యాను.

ఆ మాట ఎవరికీ తెలియకుండానే ఉద్యోగం గడిచిపోయేదేమో. కానీ వానలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున, ఊఁ మామ మనవడి అన్నప్రాసనకని దమ్మపేట వెళ్ళి సెలవులో ఉండగా, పెద్దవ్వ కొడుకు బైకు మీద తడిసి ముద్దయి వచ్చాడు. ఎర్రావు ఈని ఐదు రోజులైందట. పొదుగు రాయిలా గట్టిపడిందట, దూడను దగ్గరికి రానీయకుండా తంతున్నదట. మందుల సంచి భుజానికి తగిలించుకుని అతని వెనక కూర్చున్నాను. వాగు దగ్గర బైకు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో సంచి నెత్తిన పెట్టుకుని నడిచాను. వెళ్ళి చూస్తే ఆవు వెనక కుడి చన్ను వైపు పొదుగు నిప్పులా కాలుతోంది. ఆ చన్ను నుంచి వాటంతటవే కారుతున్నవి పసుపు నీళ్ళూ గడ్డలే, పాలు కావు. మిగతా మూడు వైపులా పాలు కట్టేసి బిగుసుకుపోయి ఉన్నాయి. దూడ ఒక మూల పొట్ట లోపలికి పోయి, తల కూడా ఎత్తకుండా పడి ఉంది. పెద్దవ్వ గుంజకు ఆనుకుని నిలబడి, నన్ను కాదు, ఆవునే చూస్తూ చెప్పింది.

"మా అరకకున్న రెండెడ్లు దీని కడుపున పుట్టినయే. అండ్ల ఒకటి ముసలిదైంది. ఈ కోడెదూడ మీదనే ఆశ. నిన్నటి సంది దాని నోట్లె చుక్క లేదు."

సూదులు బాగానే వేశాను, ఆ పని నాకు చేతనయినదే. చెడిన చన్నులోకి ఎక్కించాల్సిన మందు తీసి పక్కన పెట్టుకున్నాను. ముందు ఆ చెడ్డ పాలు మొత్తం పిండెయ్యాలి, రోజుకు నాలుగైదు సార్లు పిండాలి, లేకపోతే విషం లోపలే ఉండి పొదుగంతా పోతుంది, ఆవు కూడా దక్కకపోవచ్చు, మంచి చన్నుల పాలు తీసి దూడకు పట్టాలి అని గడగడా చెప్పి, పిండండి అన్నాను. ఎవరూ కదల్లేదు. వాకిట్లో చేరిన పదిహేను మందీ పెద్దవ్వ వైపు చూశారు. ఆమె మెల్లగా, కోపం లేకుండా అంది. "మేం పిండం బిడ్డా. మా అత్త పిండలే, ఆమె అత్త పిండలే. పాలు దూడయి. మనం ముడితే దాని నోటికాడి కూడు గుంజుకున్నట్టే."

అప్పుడు వెలిగింది నాకు. ఖాళీగా మిగిలిన గడి, ఎర్రటి టీ, ఏడాది దాటినా తల్లి వెంటే తిరిగే నిగనిగలాడే దూడ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డాయి. వాళ్ళు దాచిందీ లేదు, వెటకారమాడిందీ లేదు. నేనడిగినదానికి మొదటి రోజే అచ్చమైన నిజం చెప్పారు. ఆ ఇంట్లో ఆవుపాల లెక్క దూడకు తప్ప ఇంకెవరికీ నిజంగానే తెలియదు. అలాంటి వాళ్ళకు నేను పాల దిగుబడి పెంచడం గురించి పది నిమిషాలు చెప్పి, డికాషన్ తాగే పొదుపును మెచ్చుకుని వచ్చాను. సిగ్గుతో నాలుక్కరుచుకున్నాను. కానీ సిగ్గుపడటానికి కూడా అప్పుడు సమయం లేదు. పిండకపోతే ఆవు పోతుంది, పట్టకపోతే దూడ పోతుంది, పిండితే ఆ ఇంటి మాట పోతుంది.

పెద్దవ్వ దూడ దగ్గరికి వెళ్ళి కింద కూర్చుంది. దాని తల ఒళ్ళో పెట్టుకుని, చెవుల వెనక నిమురుతూ తన భాషలో చాలాసేపు మాట్లాడింది. ఏం చేస్తున్నదని ఆమె కొడుకును నెమ్మదిగా అడిగాను.

"అడుగుతున్నది" అన్నాడు.

"ఎవరిని?"

"దూడని. నీ పాలు మేం తీస్కుంటలేం, నీ కోసమే తీసి నీ నోట్లెనే పోస్తం, మా మీద మనసుల పెట్టుకోకు అని చెప్తున్నది."

ఇంకో రోజైతే నవ్వేదాన్నేమో. ఆ రోజు నవ్వు రాలేదు. ఆపరేషనుకు ముందు సంతకం పెట్టించుకోవడమే తప్ప, నోరులేని దాన్ని ఒక మాట అడగాలని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పెద్దవ్వ లేచి వచ్చి, చెడ్డవి మన్నుకు, మంచివి దూడకు, మనిషి నోటికి చుక్క పోకూడదని షరతు పెట్టింది. నేను ఒప్పుకున్నాను. "అయితే సరె, పిండు" అంది. ఎవరు అని అడగబోయి ఆగిపోయాను. గూడెం మొత్తంలో అలాంటి పని చేసే మనిషి లేదు, అన్నీ తెలిసిన డాక్టరమ్మ మాత్రం ఎదురుగానే నిలబడి ఉంది.

ఆవు వెనక కాళ్ళకు తాడు కట్టించి, మార్కులు తెచ్చిపెట్టిన భంగిమలో కూర్చున్నాను. చన్ను పట్టుకుని లాగాను. ఏమీ రాలేదు. గట్టిగా లాగాను, తాడు కట్టినా ఆవు ఎగిరి చెంబును తన్నింది. అది దొర్లుకుంటూ పోయి కోళ్ళ గంపకు తగిలింది. మళ్ళీ పట్టుకున్నాను, ఈసారి నేనే దొర్లాను. పుట్టి బుద్ధెరిగాక పాలు పిండటం చూడని వాళ్ళు పిండటమంటే ఇలాగే ఉంటుందనుకుని ఎంతో మర్యాదగా, శ్రద్ధగా చూస్తున్నారు. పాతిక నిమిషాలైంది. ఒక్క చుక్క లేదు. అటు దూడ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇక పరువు గురించి ఆలోచిస్తే లాభం లేదని, నాకు పిండటం రాదని పెద్దవ్వతో ఉన్నమాట చెప్పేశాను. ఆ ఒక్క మాట చెప్పడానికి పడ్డ కష్టం నాకు ఇంకే పరీక్షలోనూ పడాల్సి రాలేదు. మా అమ్మకు వచ్చు, ఫోన్ చేస్తాను అన్నాను.

ఫోన్ చేయడానికి గూడెంలో సిగ్నల్ ఉండదు. పెద్దవ్వ ఇంటి వెనకాల వంద అడుగుల దూరంలో ఒక బండ ఉంది, దాని మీద నిలబడితేనే అందుతుంది. నేను బండ మీద నిలబడితే ఆవు దగ్గర ఎవరుంటారు? అందుకని పెద్దవ్వ కొడుకు నా ఫోన్ పట్టుకుని బండెక్కాడు. అమ్మ అటు నుంచి చెబుతుంటే, అతను ఇటు అరిచి చెప్పాలని ఏర్పాటు. అతను చాలా నిజాయితీ గల మనిషి. ఒక్క అక్షరం కూడా తగ్గించలేదు. ముందుగా, సంగతి విన్న అమ్మ అడిగిందట, మరి నీకు గోల్డ్ మెడల్ దేనికిచ్చిండ్రని. అతను అది గూడెమంతా వినేలా అరిచి, జవాబు కోసం ఆగాడు. (ఆ జవాబు నేను ఇప్పటికీ వెతుక్కుంటున్నాను.) గోళ్ళు తీసినవా అని అడుగుతున్నది మీ అమ్మ. పొదుగు గోరువెచ్చటి నీళ్ళతో కడిగినవా అంటున్నది. చేతికి వెన్న రాసుకోమంటున్నది. పాలే ముట్టని గూడెంలో వెన్న ఎక్కడిది? పెద్దవ్వ లోపలికెళ్ళి ఇప్పనూనె తెచ్చి నా అరచేతుల్లో పోసింది. ఇరవై ఐదేళ్ళొచ్చినయి గాని బర్రె దగ్గర ఒక్కనాడు కూసోలేదంటున్నది మీ అమ్మ. కూర్చోనిచ్చింది ఎవరని నేను గట్టిగా అరిచాను. అతను అది కూడా అక్షరం పొల్లు పోకుండా అమ్మకు చేరవేశాడు. ఆ మాటతో అమ్మ గొంతు మెత్తబడిందని అతను ఇటు అరిచి చెప్పాడు.

"గుంజొద్దంట మేడం, ఒత్తాలెనంట. పైన బొటనవేలు మూస్తే పాలు మీదికి పోవంట. తర్వాత ఒక్కో వేలు కిందికి మూసుకుంట రావాలెనంట. ముందుగాల దూడని చూపెట్టమంటున్నది. దూడ లేనిది తల్లి పాలు చేపదంట, కిందికి వదలదంట."

దూడ నిలబడే స్థితిలో లేదు. నేను ఆలోచించేలోపే పెద్దవ్వ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వచ్చి, ఆవు మూతి దగ్గర పెట్టి, తను ఆవు గంగడోలు కింద కూర్చుంది. ఆవు దూడను వాసన చూసింది, నాకడం మొదలుపెట్టింది. పెద్దవ్వ ఏదో సన్నగా మాట్లాడుతూనే ఉంది. తన్నే కాళ్ళు నెమ్మదిగా నేల మీద కుదురుకున్నాయి. నా చేతి కింద పొదుగు ఒక్కసారి మెత్తగా కదిలింది. బొటనవేలు మూశాను, ఒక్కో వేలూ మూశాను. చెంబులో సర్రుమని ధార పడింది. చూసేవాళ్ళలో ఒకావిడ పెద్దగా నవ్వింది, నాకు మాత్రం ఏడుపొచ్చింది. చెడ్డ చన్నులోని గడ్డలన్నీ గుంటలోకి పిండేసి, అందులోకి మందు ఎక్కించాను. మంచి చన్నుల నుంచి చెంబు సగం నిండింది. అప్పుడే పిండిన ఆ వెచ్చటి గుమ్మపాలలో పెద్దవ్వ రెండు వేళ్ళు ముంచి దూడ నోట్లో పెట్టింది. మొదట నాలుక కదిలింది, తర్వాత వేళ్ళను చీకడం మొదలుపెట్టింది. అలా వేళ్ళ మీదుగా, చుక్క చుక్కగా, ఆ చెంబు ఖాళీ అయ్యేవరకు ఆమె చెయ్యి అలసిపోలేదు. వేళ్ళతో పాలు పట్టే ఆ పద్ధతికి మా పుస్తకంలో నాలుగు పేజీలున్నాయి. ఆమెకు ఎవరూ చెప్పలేదు, దూడకేం కావాలో ఆమెకు తెలుసు, అంతే.

సాయంత్రం మళ్ళీ రావాలి, రేపు పొద్దున రావాలి, వాగు పొంగితే ఎలాగని నేను గుబులుపడుతుంటే పెద్దవ్వ నా భుజం తట్టి, లే బిడ్డా, నాకు చూపెట్టు అంది. గంట కిందట నేర్చుకున్న విద్యను నేను ఆమెకు నేర్పాను. ఆమె ఒక్కసారి చూసింది, రెండోసారి పట్టుకుంది, మూడోసారికి నా కంటే నిండుగా ధార పడింది. అత్తల కాలం నుంచి వస్తున్న మాటను, తన చేత్తోనే, దూడ కోసం పక్కన పెట్టిన మనిషి ఆమె. అంత గుండె ధైర్యం నేను పెద్ద పెద్ద ఆపరేషన్లు చేసే వాళ్ళలో కూడా చూడలేదు. ఇప్పుడు మా అవ్వ పిండుతున్నదని కొడుకు బండ మీద నుంచి మా అమ్మకు చెబితే, "ఆమెను చూసి నేర్చుకొమ్మను" అందట అమ్మ. అదీ అరిచి చెప్పాడు.

నేను రోజూ వెళ్ళి సూదులు వేశాను. పిండటం మాత్రం ఆమే చూసుకుంది. ఐదో రోజుకు దూడ తనే లేచి వెళ్ళి తల్లి పొదుగును కుమ్మింది, ఆవు తన్నలేదు. ఒక చన్ను ఎండిపోయింది, మూడు మిగిలాయి. ఆ పూటే పెద్దవ్వ చెంబును బూడిదతో తోమి, కడిగి, గోడ మీద బోర్లించింది. ఇక దాని పాలు దానివేనంది. ఇన్ని రోజులు పిండావు కదా అవ్వా, ఒక్కసారైనా రుచి చూడాలనిపించలేదా అని అడిగాను.

"నువ్వు మీ అమ్మ పాలు తాగినవ్ గద" అంది. "ఇంకొకరి అమ్మయి నీకెందుకు?"

నేను ఆమె ఇచ్చిన ఎర్రటి టీ కిమ్మనకుండా తాగాను. ఆ తర్వాత ఆ గూడెంలో పాల మాట ఎత్తలేదు. ఎడ్ల మెడ పుండ్ల గురించి, గొంతువాపు టీకాల గురించి మాట్లాడాను, అవి వాళ్ళకు నిజంగా కావాల్సినవి. వాగవతలి వాళ్ళు కోళ్ళనూ మేకలనూ పట్టుకుని మా వరండాకు రావడం మొదలైంది అప్పుడే. ఒక రోజు అలా వచ్చిన పెద్దవ్వ కొడుకును, ఆ మొదటి రోజు నా ఉపన్యాసాన్ని ఊఁ మామ ఒక్క వాక్యంలో ఎలా చెప్పాడని అడిగాను. అతను తటపటాయించి, మామ వైపు చూసి, చివరికి చెప్పేశాడు. "ఈ పిల్ల కొత్తగా వచ్చింది, మనసు మంచిది, జర ఓపిక పట్టుండ్రి, నేర్చుకుంటది" అన్నాడట. నేను మామ వైపు తిరిగాను. ఆయన ఫ్రిజ్ తలుపు తీసి మజ్జిగ సీసా కోసం చాలా శ్రద్ధగా వెతుకుతున్నాడు. (ఆ సంవత్సరం దసరా సెలవులకు ఇంటికి వెళితే, అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, చేతిలో చెంబు పెట్టి కొట్టం వైపు చూపించింది.)

ఇదంతా జరిగి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పుడు నేను ఖమ్మంలో ఆఫీసులో కూర్చుని, ఇతరులు నింపిన రిజిస్టర్లు చూసే ఉద్యోగం చేస్తున్నాను. మొన్న మధ్యాహ్నం ఆ దవాఖానాకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఉక్రోషం తొణికిసలాడుతోంది. వాగవతలి గూడెంలో ఎవరూ పాల లెక్క చెప్పడం లేదట, అడిగితే వెటకారంగా మాట్లాడుతున్నారట. ఇంకో సంగతి కూడా చెప్పింది. బాగా ముసలైపోయిన ఒక అవ్వ, మూడేళ్ళ కిందటి వరకు అరక లాగిన ఒక ముసలి ఎద్దును నిమురుతూ, ఖమ్మంల ఉన్న మీ పెద్ద డాక్టరమ్మకు పాలు పిండుడు నేనే నేర్పిన అన్నదట. అంత అబద్ధం ఎలా చెబుతారు మేడం అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది.

అబద్ధం కాదమ్మా, ఆమే నేర్పింది అన్నాను. ఆ అమ్మాయి బిక్కచచ్చిన గొంతుతో, మరి ఆ పాల గడిలో ఏం రాయమంటారు మేడం అని అడిగింది. కిటికీలోంచి బయటికి చూశాను. వాగు దాటి, తడిసిన చెప్పులతో, చేతిలో పెన్నుతో, ముక్కు మీద కోపంతో నిలబడ్డ ఒక పిల్ల కనిపించింది. పాపం, దానికి ఇంకా ఏమీ తెలియదు. ఓపిక పడితే నేర్చుకుంటుంది.

"దూడనడుగు" అన్నాను.